మెడ మీద చెయ్యి

వస్తున్నారు, అదిగో, రోడ్డు మలుపులో ముందు కుర్చీ చక్రాలు కనిపించాయి, వాటి వెనక తెల్ల పైజామా మోకాళ్లు, ఆ పైన మంకీ క్యాపు, చలి ఇంకా ఊళ్లోకి దిగకముందే మంకీ క్యాపు, దాని వెనక లేతనీలం కోటు, కోటులో శైలజ, నా భార్య. నేనిక్కడున్నానని ఆమెకు తెలియదు. ఆరింటికి వచ్చి స్కూటరెక్కించుకుని పొమ్మంది, నేను ఐదుకే వచ్చి ఆర్ట్స్ కాలేజీకి ఎదురుగా తురాయి చెట్టు వెనక గట్టు మీద కూర్చుని పొద్దుటి పేపర్ని సాయంత్రం చదువుతున్నాను, చదువుతున్నట్టు పట్టుకున్నాను. నా చుట్టూ గ్రూప్ వన్ పిల్లలు పుస్తకాలు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ రాజ్యాంగాన్ని పైకి వల్లె వేస్తున్నారు, వాళ్లవి ప్రాథమిక హక్కులు, నావి ప్రాథమిక చిక్కులు. భార్య పనిచేసే చోటికి గంట ముందొచ్చి చెట్టు చాటున కూర్చునే మొగుణ్ణి లోకం ఏమంటుందో నాకు తెలుసు, కానీ లోకం పొరపాటు పడుతోంది, నాది అనుమానం కాదు, అనుమానానికి ఒక ఆధారమంటూ కావాలి, అసూయ అలా కాదు, ఆధార్ కార్డయినా చూపించకుండా ఇంట్లో దిగిపోతుంది, ఇక ఖాళీ చేయదు. మా అమ్మ పేరు అనసూయ. అసూయ లేనిదని అర్థం. ఆమె వాటా కూడా కలిపి నాకే ఇచ్చేసినట్టున్నారు.

చెప్పాల్సింది మూడే ముక్కలు. ఈ పని మానెయ్. పొద్దున పళ్లు తోముకుంటూ ఒకసారి, యూనివర్సిటీ పరీక్షల విభాగంలో నా సీట్లో కూర్చుని మార్కుల మెమోలు పోయిన పిల్లలకు సమాధానం చెబుతూ చాలాసార్లు, ఆ మూడు ముక్కల్నీ లోపల రిహార్సల్ వేశాను. నా గొంతు మైకు లేకుండా నాలుగు కౌంటర్లకు వినిపిస్తుంది, అయినా ఆమె ముందు ఆ మూడు ముక్కలు మాత్రం గొంతులోనే సప్లిమెంటరీ రాస్తున్నాయి. ఈ రోజు చెప్పాల్సిందే. పోయిన నెల బాత్‌రూంలో తడి ఆరకముందే ఆమె చూసుకునే సార్ కాలు జారితే ఆయన బరువంతా తన మీద వేసుకుని ఆపింది, ఆయన పడలేదు, ఈమె నడుం చటుక్కుమంది. డిస్కు జారింది, మళ్లీ పట్టేసిందంటే ఆపరేషన్ గురించి మాట్లాడుకోవాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. రెండు వారాలు మంచం మీద ఉండమంటే ఒక వారం ఉండి లేచిపోయింది. రోగుల ఇళ్లకు ఆమెను పనికి పంపే ఏజెన్సీ వాళ్లు ఎలా ఉందమ్మా అని ఫోన్ చేస్తే ఏం లేదు మేడమ్, తగ్గిపోయింది అని నా ఎదురుగానే అబద్ధం చెప్పింది. ఎందుకే అంటే, సారు ఇంకొకరిని ముట్టనియ్యడంట, మూడు రోజులు గడ్డం కూడా గీయించుకోలేదంట అని చెప్పి, ఆ చెప్పడంలో కొంచెం మురిసింది. కొంచెమే. నాకు ఆ కొంచెం చాలు. రోగం ఆయనకు పక్షవాతం, మా ఆవిడకు పక్షపాతం.

రాంచందర్ సార్ అంటే ఈ యూనివర్సిటీలోనే భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన ప్రొఫెసర్, తార్నాకలో క్యాంపస్ గోడకు ఆనుకున్న సందులో ఇల్లు, భార్య పోయింది, కూతురు స్నేహలత బ్యాంకులో పనిచేస్తూ ఏడు దాటాక గానీ ఇంటికి చేరదు. జీవితమంతా రాళ్లు పగలగొట్టి వాటి వయసు చెప్పిన మనిషి. శైలజ చేరిన మొదటి రోజే పేరడిగి, శైలజంటే రాతికి పుట్టినదని గదా అర్థం, నా ఇంటికి రావాల్సిన మనిషివే అన్నాడట. ఇన్నేళ్లు కాపురం చేశాను, మాటల్ని విరిచి అతికించి ఊరందరినీ నవ్వించాను, ఆ పేరును మాత్రం శైలూ అని చిన్నది చేసి పిలిచానే తప్ప విప్పి చూడలేదు. ఆయన మొదటి రోజే విప్పేశాడు. ఆ రోజు ఆమె ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తూ, నా పేరులో కొండ ఉందంటయ్యా అంది, ఏదో కొత్తగా కొన్నట్టు. కొండ ఉంది కాబట్టే ఆయన మోయమంటున్నాడు అన్నాను. నవ్వలేదు.

స్పీడ్ బ్రేకర్ వచ్చింది. చూడండి, ఇప్పుడు చూడండి, కుర్చీని ఆపి, మెల్లగా వెనక్కు తిప్పి, తాను ముందు దిగి, పెద్ద చక్రాల్ని ఒకదాని తర్వాత ఒకటి దించుతుంది, ఆయన మంకీ క్యాపు మీది బొచ్చు ముడి కూడా కదలదు. నా స్కూటరు అదే స్పీడ్ బ్రేకర్ ఎక్కితే వెనక నుంచి నా వీపు మీద దెబ్బ పడుతుంది, కళ్లు యాడ పెట్టుకున్నావని. కుర్చీ వెనక్కు తిప్పి దించాలని అరుంధతి మేడమ్ నేర్పింది. ఆవిడ ఏజెన్సీలో శిక్షణ ఇచ్చే మనిషి, మెట్టుగూడలో రైల్వే క్వార్టర్ల వెనక ఒక హాల్లో నేర్పేది. మా అమ్మాయి తేజస్విని బళ్లారికి అత్తారింటికి పంపించాక చేతులు ఊరికే ఉన్నాయని శైలజ అందులో చేరింది, దించడానికి వెళ్లిన నేను దించి వెళ్లిపోకుండా వెనక బల్ల మీద కూర్చున్నాను. మీరెవరు సార్ అందావిడ. ఈమె మొదటి పేషెంటునండి, ఇంకా డిశ్చార్జి కాలేదు అన్నాను. హాలంతా నవ్వింది, శైలజ తప్ప. ఆమెకు నా జోకులు లాలాపేట్ నీళ్ల ట్యాంకరు లాంటివి, వచ్చినప్పుడు చప్పుడు ఎక్కువ, పట్టుకోవడానికి ఎవరూ బిందె తేరు.

కానీ ఆ హాల్లో, ఆ వెనక బల్ల మీద, నాకు నిజంగా జ్ఞానోదయమైంది. బొమ్మ మనిషిని మంచం మీద పడుకోబెట్టి అరుంధతి మేడమ్ చెబుతూ పోయింది. పేషెంటు చేతులు మీ మెడ మీదికి రానియ్యొద్దమ్మా, మెడ పట్టుకున్నడంటే ఆయన బరువంత మీ ఎన్నుపూస మీద పడ్తది. ఒక్కదానివే ఉంటే లేపకు, ఇంట్ల ఇంకొకరిని పిలువు. నడుముకు బెల్టు కట్టి, ఆ బెల్టు పిడులు పట్టుకుని లేపు, మనిషిని కౌగిలిచ్చుకోని లేపకు. నీ సొంత ఫోన్ నెంబరియ్యకు. వాళ్లిచ్చిన వస్తువులు తీసుకోకు. తలుపు దగ్గరికేసి ఒక్కదానివే ఇరుక్కపోకు. వింటూ వింటూ నాకు కళ్లు చెమర్చాయి. ఈ ఆరోగ్య భద్రతా నియమాలు ఎవరు రాశారో గానీ వాడు డాక్టరు కాదు, ఇంజనీరు కాదు, నాలాంటి మొగుడు. ఒక్కో నియమం నా గుండెలోంచి ఎవరో కాపీ కొట్టినట్టుంది. అప్పట్నుంచి మా ఇంట్లో పని స్థల భద్రత గురించి నా అంత నిష్ఠగా మాట్లాడే మనిషి లేడు. నడుం వంచి పనిచేసేవాళ్లను మెచ్చుకునే జాతి మనది, వంచాల్సింది నడుం కాదు శైలూ, మోకాళ్లు అని పొద్దున్నే ఉప్మా తింటూ చెబుతాను. మెడ జాగ్రత్త అంటాను. మెడ అనేటప్పుడు గొంతులో కొంచెం ఎక్కువ ఒత్తిడి పడుతుందేమో, ఆమె గరిటె ఆపి ఒకసారి చూస్తుంది. నా గొంతులో ఉన్నది ఆమె ఎముకల మీద ప్రేమా, ఆయన చేతుల మీద మంటా అని ఎవరైనా రీవాల్యుయేషన్ పెడితే నాకు పాస్ మార్కులు రావు.

ఎందుకంటే నేను చూశాను. టిఫిన్ డబ్బా మరిచిపోయిందని ఇద్దామని వెళ్లాను, గేటు తీసే ఉంది, కిటికీ తెరిచే ఉంది. మంచం అంచున సారు, ఆయన ముందు వంగి శైలజ. ఆయన కుడిచెయ్యి ఆమె మెడ చుట్టూ ఉంది. పడిపోయిన ఎడమచేతిని ఆమే తీసి, తన భుజం మీద వేసుకుంది, పైట సర్దుకున్నంత మామూలుగా. ఇద్దరూ అలా ఒకరినొకరు పట్టుకుని లేచి, కుర్చీ వైపు ఒక చిన్న అడుగు, ఇంకో చిన్న అడుగు, ఆయన గడ్డం ఆమె భుజం మీద, కళ్లు మూసుకుని. డబ్బా గేటు మీద తగిలించి వచ్చేశాను. ప్రొద్దుటూరులో మా పెళ్లిలో మూడు ముళ్లు వేసేటప్పుడు ఆమె జడలోని వెంట్రుకలు దారంలో ఇరుక్కున్నాయి, నొప్పి అంది మెల్లగా, ఆమె నాతో అన్న మొదటి మాట అదే, పురోహితుడు తొందరపెట్టాడు, నలుగురి ముందు నా చేతులు ఆ మెడ దాకా వెళ్లడం అదొక్కసారే. మెడ ఆమెదే, నేను కాదనను, మెడలోది మాత్రం నాది. ఆ తాళిని కూడా ఈ మధ్య తీసి డబ్బాలో పెట్టి పోతోంది, పేషెంటు పట్టుకుని లాగితే మెడ కోసుకుపోతుందని మేడమ్ చెప్పిందట, వేలాడేవేవీ ఉండకూడదట, గాజులు కూడా. అది కూడా నియమమే. నియమాలన్నీ నా పక్షాన ఉన్నాయనుకున్నాను, ఒకటి మాత్రం ప్రతిపక్షంలో కూర్చుంది.

కుర్చీ ఇప్పుడు నాకు దగ్గరగా ఆగింది, రెండు చెట్ల అవతల, రాతి బెంచీ పక్కన. ఆయనకు చెవుడు కొంచెం, అందుకే ఇద్దరూ గట్టిగా మాట్లాడతారు, దొంగ మొగుళ్లకు అనుకూలం. శైలజ కుర్చీ వెనక తగిలించిన బెల్టు తీసింది. వెడల్పాటి నల్లటి బెల్టు, పక్కల పిడులు, మొన్న దసరాకు నా స్కూటరుతో పాటు దానికీ బొట్టు పెట్టింది, కుంకుమ మరక ఇంకా ఉంది. మా ఇంట్లో ఆయుధ పూజకు స్కూటరూ సుత్తీ కత్తిపీటా పెట్టిన చోట ఆ బెల్టు కూడా బుద్ధిగా పడుకుంది, పూజయితే అందుకుంది, పని మాత్రం లేదు, ఎందుకంటే ఆయన కట్టించుకోడు.

"మళ్లా తెచ్చినవా గా పగ్గం. నేనేమన్న ఎద్దునా, శైలజమ్మా."

"ఎద్దు కాదు సార్, పెద్ద. కట్టుకుంటే నాకు సులువైతాది."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు సంగతి తర్వాత, ఎద్దూ పెద్దా నాది. నేను ఇంట్లో మా పెదనాన్న మీద వాడిన శ్లేష, అప్పుడు మొహం చిట్లించుకుంది, ఇప్పుడు నా దగ్గర్నుంచి ఎత్తుకొచ్చి వేడివేడిగా ఆయనకు వడ్డించింది. నా జోకులు ఆమెకు వినిపిస్తాయన్న మాట. వినిపించి, నచ్చి, దాచుకుని, ఇక్కడ ఖర్చు పెడుతుందన్న మాట. చెట్టు బెరడు గోకుతున్నాను, గోళ్లలో పొట్టు. అక్కర్లేదు సార్, కుర్చీలోనే కూర్చోండి, ఇక్కణ్ణుంచే కనిపిస్తుంది బిల్డింగు అని చెప్పొచ్చు కదా, చెప్పదు, ఆయన ఆ రాయి మీదే కూర్చోవాలి, రోజూ, ఎదురుగా ఆర్ట్స్ కాలేజీ గులాబీ రంగు గ్రానైటు మీద ఎండ దిగడం చూడాలి, చూస్తూ చేత్తో బెంచీని నిమరాలి.

"కుర్చీల కూసుంటే పేషెంటునైత బిడ్డా. రాయి మీద కూసుంటే మనిషినైత."

దీనికి నా దగ్గర నియమం లేదు.  ఆమె బ్రేకు వేసింది, కాళ్లు పెట్టుకునే పలకలు మడిచింది, పాదం ఆయన పాదాల మధ్య పెట్టింది, మోకాళ్లు వంచింది, అన్నీ సరిగ్గా చేసింది, ఒక్కటి తప్ప. చెయ్యి మెడ మీదికి వచ్చింది. ఆయన కౌగిలి, ఆమె కదలిక. ఒకటి, రెండు, మూడు. బెంచీ మీద కూర్చున్నాడు. ఆమె నిటారు కావడానికి మామూలు కంటే కొంచెం ఎక్కువసేపు పట్టింది, ఆ కొంచెం నాకు తప్ప ఎవరికీ కనిపించదు, నేను కదా కళ్లు అక్కడే కుట్టుకుని ఉన్నది.

నేను కూడా ప్రయత్నం చేయలేదని కాదు. పది రోజుల కింద నాకూ నడుం నొప్పి వచ్చింది, రప్పించుకున్నాను. మంచం మీద బోర్లా పడుకుని మూలిగాను, మూలుగులో కొంచెం సంగీతం కూడా కలిపాను. వచ్చింది, చూసింది, డ్రాయరు తీసి గ్లవ్స్ వేసుకుని బామ్ రాసింది. గ్లవ్స్. ఆయనకు చేత్తో, నాకు గ్లవ్స్‌తో. గ్లవ్‌లో లవ్ ఉందని నవ్వుకుందామనుకున్నాను, నవ్వు రాలేదు. తర్వాత ఆమె నిద్రపోయాక లైటు వెలుగులో చేతులు చూశాను, మాటిమాటికీ సబ్బుతో శానిటైజరుతో కడిగీ కడిగీ వేళ్ల సందుల్లో చర్మం చిట్లి, ఎర్రగా, బామ్ తగిలితే భగ్గుమనేలా ఉన్నాయి. అందుకే గ్లవ్స్. అర్థమైంది. అర్థమైనా మంట పోలేదు, ఆ చేతులు అలా అయింది ఎవరికోసమో అన్న దగ్గరికి వెళ్లి మళ్లీ రాజుకుంది. కొబ్బరినూనె రాద్దామని సీసా తెచ్చి, ముట్టుకుంటే లేస్తుందని, లేస్తే ఏం చెప్పాలో తెలియక, సీసా పక్కన పెట్టి పడుకున్నాను. వంటింటి గట్టు మీద ఉప్పు డబ్బా పక్కన ఒక గులాబీ రంగు రాయి ఉంటుంది. ఆయన ఇచ్చాడు. వస్తువులు తీసుకోకూడదని నియమం శైలూ అంటే, రాయి వస్తువా అంది. రెండొందల కోట్ల ఏళ్ల పైమాటేనంట దాని వయసు, మనం పుట్టకముందు నుంచీ ఉండే దాన్ని ఒకరు ఇచ్చేదేంది, ఒకరు తీసుకునేదేంది అంది. ఈ మాట ఆమెది కాదు, ఆయనది. మా ఇంట్లో ఆయన రాయి, ఆయన మాట, ఉప్పు డబ్బా పక్కన.

ఎండ కాలేజీ మెట్ల దాకా దిగింది. మొక్కజొన్న పొత్తులు కాల్చే బొగ్గుల వాసన. పేపర్లో ఒక్క వార్తా ఎక్కలేదు. మూడు ముక్కలు. ఈ పని మానెయ్. ఎక్కడ చెప్పాలి, స్కూటరు ఎక్కబోయే ముందా, తార్నాక సిగ్నల్ దగ్గరా. తార్నాకలో తారా లేదు, నాకమూ లేదు, సిగ్నల్ మాత్రం దండిగా ఉంటుంది, ఎర్రలైటు పడితే ఆమె దిగి పారిపోలేదు, అక్కడ చెబుతాను. నీ నడుం కోసమే అంటాను. నడుం కోసమే కదా. ఆమె ఆయన్ని ఎత్తుతోంది, నేను ఎత్తు వేస్తున్నాను, ఇద్దరిలో ఎవరి నడుం వంకరో. లేచారు. లేస్తున్నారు. బ్రేకు, పలకలు, పాదం, మోకాళ్లు. చెయ్యి మెడ మీద. ఒకటి, రెండు.

మూడు రాలేదు.

సగంలో ఆగిపోయింది. ఆయన బెంచీ మీద లేడు, కుర్చీలో లేడు, గాల్లో ఉన్నాడు, ఆమె మెడకు వేలాడుతున్నాడు, ఆమె కింద పెట్టలేదు, పైకి లేపలేదు, విగ్రహంలా బిగుసుకుపోయింది, ముఖం నాకు పక్కవాటుగా కనిపిస్తోంది, పళ్ల మధ్య కింది పెదవి. "ఏమైంది బిడ్డా" అన్నాడాయన. "ఏం లేదు సార్" అంది. ఆ ఏం లేదు నాకు తెలుసు, ఏజెన్సీకి ఫోన్లో చెప్పిన ఏం లేదు, అందులో అన్నీ ఉంటాయి. పేపరు ఎటు పోయిందో, ఒక చెప్పు ఎటు పోయిందో, రాజ్యాంగం చదివే పిల్లల్ని దాటుకుని ఎలా వచ్చానో, వచ్చాను, ఆయన పక్కన చేరి నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నాను.

"నడుం కాదు, మోకాళ్లు వంచు." ఆ నొప్పిలో, నన్ను చూసి ఆశ్చర్యపడే తీరిక కూడా లేకుండా, ఆమె నాకు చెప్పింది అది.

వంచాను. ఆయన్ని మెల్లగా బెంచీ మీదికే దించాం. ఆమె బెంచీ వీపు పట్టుకుని అలాగే నిలబడింది, ఊపిరి చిన్న చిన్నగా. 

"నువ్వు యాడ నుంచి ఊడిపడినావయ్యా."

"చెట్టు నుంచి."

"ఎవరమ్మా ఈయన" అన్నాడు సారు.

"మా ఆయన సార్."

"మీ ఆయననా. గంట సేపటి సంది గాడ కూసోని ఒక్కటే పేజీ సదువుతున్నడు. పరీక్షకు తయారైతున్నడేమో అనుకున్న."

గ్రూప్ వన్ పిల్లలు నవ్వారు. శైలజ నా వైపు తిరిగి చూసింది, తిరగలేక మళ్లీ ఆగిపోయింది, చెయ్యి నడుం మీదికి వెళ్లింది. ఆయన ఆ చేతిని చూశాడు. మంకీ క్యాపులో ముఖం చాలా చిన్నగా కనిపించింది.

"నడుము నొస్తున్నదా. నాకెందుకు చెప్పలే బిడ్డా."

"చెప్తే మీరు రాయి మీద కూసోనంటారని."

 నాకు మౌనం పడదు, బస్సులో గానీ చావింట్లో గానీ మౌనం కనబడితే ఏదో ఒకటి దానిలో వేసేస్తాను. బెల్టు తీసుకున్నాను. "సార్, నాకు బెల్టు లేకపోతే ప్యాంటు ఒక్కటే జారుతుంది, పోయేది నా ఒక్కడి పరువు. మీకు బెల్టు లేకపోతే మా ఆవిడ డిస్కు జారుతుంది. నేను కట్టుకోగా లేనిది మీకేం సార్" అని చొక్కా పైకెత్తి నా బొజ్జ కింద నలిగిపోతున్న బెల్టు చూపించాను. నా గొంతు కదా, అవతలి బెంచీల వాళ్లు కూడా నా బొజ్జ వైపు చూశారు. ఆయన ముందు పెదవి ఒక పక్కకు లాగింది, తర్వాత గొంతులో ఏదో గలగలమంది, తర్వాత నవ్వాడు, మామూలు నవ్వు కాదు, దగ్గు వచ్చి కళ్లలో నీళ్లు తిరిగేదాకా.

"కట్టు. పగ్గమే కట్టు. నీ పేరేంది?"

"సుబ్బరాయుడు సార్."

"నీల గూడ రాయి ఉన్నది గదరా."

శైలజ లేపలేదు. కుర్చీ పట్టుకుని నోటితోనే నన్ను నడిపింది, కాలు ఇట్లా పెట్టు, పిడి కింద నుంచి పట్టుకో, సార్, కుడిచెయ్యి కుర్చీ చెయ్యి మీద పెట్టండి, ఒకటి, రెండు, మూడు. లేచాడు. నేను అనుకున్నంత బరువు లేడు, కుడికాలు మీద తనే నిలబడ్డాడు, బెల్టు నా చేతుల్లో బిగిసింది, అంతా బొమ్మ మనిషితో నేర్పినట్టే జరుగుతోంది, తిరగబోతుండగా ఆయన మోకాలు ఒక్క క్షణం వణికింది, అంతే, కుర్చీ మీద ఉండాల్సిన చెయ్యి ఎగిరొచ్చి నా మెడ పట్టుకుంది. గట్టిగా. కాలరు లోపలికి, వెంట్రుకలతో సహా. నేను కిటికీలోంచి చూసింది కౌగిలి అనుకున్నాను. ఇది కౌగిలి కాదు. అందులో నా మీద గానీ ఎవరి మీద గానీ ఏమీ లేదు, కింద నేల లేదన్న భయం ఒక్కటే ఉంది, వేళ్లు నా మెడలో ఒక రాతి అంచు కోసం వెతుకుతున్నాయి. గోళ్లు పొట్టిగా, నున్నగా, గుచ్చుకోకుండా ఉన్నాయి, మా ఆవిడ కత్తిరించినవి. ఆయన ఊపిరి నా చెవి పక్కన, పౌడరు వాసన, ఆముదం వాసన, నేను ఇన్నాళ్లూ ఆమె చీరలో పసిగట్టి పళ్లు కొరుక్కున్న వాసన. "సారు చెయ్యి మెడ మీంచి తీయించు" అంది శైలజ. నాకు అన్ని నియమాల్లోకీ ప్రాణమైన నియమం అదే. "తీయిస్తా" అన్నాను. తీయించలేదు. ఆయన కుర్చీలో పూర్తిగా ఆనుకుని, భూమి తన కింద ఉందని నమ్మి, తనంతట తను వదిలేదాకా అలాగే వంగి ఉన్నాను, మోకాళ్లతో.

ఇంటి దాకా కుర్చీ నేనే తోశాను. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆపి వెనక్కు తిప్పాను, వెనక నుంచి ఆమె ఏమీ అనలేదు, అంటే సరిగ్గానే తిప్పాను. స్నేహలత ఆ రోజు తొందరగా వచ్చింది, విషయం విని ముఖం పాలిపోయింది, అక్కా కూసో, జర నీళ్లు తాగు అంటూ తిరిగింది. వెనక్కి పోయి నా స్కూటరు తెచ్చి వాళ్ల గేటు లోపల పెట్టి ఆటో పిలిచాను, గుంతల్లో స్కూటరు మీద ఈ నడుముతో వద్దని, ఆ మాట అనేటప్పుడు నా గొంతులో నియమం వాసన లేదు, నాకే కొత్తగా ఉంది. ఆటోలో ఆమె నిటారుగా కూర్చుని ఫోన్ తీసింది. మేడమ్, నేను చెప్పింది అబద్ధం, తగ్గలేదు, ఈ రోజు మళ్లీ పట్టేసింది, అంది. అవతల అరుంధతి మేడమ్ గట్టిగానే మాట్లాడింది, నాక్కూడా వినిపించింది, డాక్టరు చెప్పేదాకా పనిలోకి రావొద్దు, రేపటి నుంచి సామేలు వస్తడు, బెల్టుతోనే లేపుతడు, మంచి బలమున్నోడు. సరే మేడమ్ అంది. ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. తార్నాక సిగ్నల్ పడింది. ఎర్రలైటు. నా మూడు ముక్కలకు నేను ముహూర్తం పెట్టుకున్న చోటు.

"సారు నాతో ఉన్నప్పుడు ఎప్పుడూ అంత గట్టిగా నవ్వలేదు" అంది ఆమె, బయటికి చూస్తూ.

ఆ గొంతు నాకు తెలుసు. ఆ గొంతులో ఉన్న సరుకు మా ఇంట్లో ఇన్నాళ్లూ నేనొక్కణ్ణే వాడుతున్నాను, ఆమె దగ్గర కూడా ఉందని తెలియక.

"ఎద్దూ పెద్దా అన్నప్పుడు నవ్వినాడు గదా."

"అది నీదేలే." ముందు సీటు కడ్డీ పట్టుకుంది. "ఈ సామేలుకు స్పీడ్ బ్రేకర్ కాడ కుర్చీ తిప్పేది తెలుసునో లేదో."

"బలమున్నోడంట."

"బలమెవరికి కావాల. సారు చెయ్యి వాని మెడ మీదికి పోతే వాడు ఇట్లా తీసిపారేస్తాడు, రూలని."

నాకు ఆ సామేలు మీద, ఇంకా ముఖమైనా చూడని ఆ మనిషి మీద, సన్నగా మంట రాజుకుంది. పక్కకు చూశాను. ఆమె కూడా ముందు సీటు కడ్డీ మీద గోరుతో గీస్తోంది.

"రేపు ఐదింటికి పోయి చూస్తాలే" అన్నాను.

"చెట్టు వెనకనా."

"ఊఁ."

పచ్చలైటు పడింది. ఆటో కదిలేటప్పుడు ఆమె నడుం ఊగకుండా నా చొక్కా మీద నుంచే నా బెల్టు పట్టుకుంది. "నన్నూ తీసకపో" అంది. "గట్టు మీద దిండు ఏసుకుని కూసుంటా. ఒక్కనివే పోవద్దు, ఇద్దరుండాలని రూలే గదా."